దేశం మారిన ఏడాదిలో ఆన్‌లైన్ పాఠశాల: ఒకే బడికి మా ఇంట్లో రెండు మార్కులు

వలసకు సిద్ధమైన కుటుంబానికి ఇల్లు ఖాళీ చేయవలసిన తేదీ తెలుస్తుంది, ఉద్యోగం మానవలసిన తేదీ తెలుస్తుంది. పిల్లలు ఏ రోజు నుంచి ఏ బడికి వెళతారన్నది మాత్రం చివరి వరకూ తేలదు. మా విషయంలో ఆ తేలని కాలం పదమూడు నెలలు సాగింది. ఆ పదమూడు నెలల్లో మేము మూడు ఇళ్ళు మారాము, ఒక దేశం విడిచి మరొక దేశం చేరాము. బయలుదేరే నాటికి మా పెద్దవాడు రెండేళ్ళ కేంబ్రిడ్జ్ ఐజీసీఎస్ఈ కోర్సులో (మన పదో తరగతి స్థాయి బోర్డు పరీక్షకు చదివించేది) మొదటి ఏడాది పూర్తి చేశాడు, చిన్నది మూడో తరగతి ముగించింది. ఇద్దరినీ ఒకే ఆన్‌లైన్ పాఠశాలలో చేర్చాము. పెద్దవాడు పరీక్షలు రాసేవరకూ అక్కడే చదివాడు, చిన్నది తొమ్మిది నెలల తరువాత బయటికి వచ్చింది.

పాఠశాల పేరు నేను రాయడం లేదు. నేను ఫిర్యాదు చేసిన వాటిలో కొన్నింటిని వారు ఈపాటికి సరిదిద్ది ఉండవచ్చు. పైగా ఇక్కడ చెప్పే మంచిచెడులు ఈ తరహా బడులన్నింటిలోనూ ఎంతో కొంత కనిపించేవే. మార్కులు మాత్రం ముందే చెప్పేస్తాను. ఐదింటికి పెద్దవాడి తరఫున నాలుగు, చిన్నదాని తరఫున రెండు. అదే బడి, అదే వేదిక, అదే ఫీజుల విధానం. అయినా ఈ తేడా ఎందుకు వచ్చిందన్నదే ఈ సమీక్షలో అసలు విషయం.

ఆన్‌లైన్ బడి మాకు మొదటి ఆలోచన కాదు. చేరబోయే దేశంలోని ప్రభుత్వ పాఠశాలే మొదటి ఆలోచన. అయితే చాలా దేశాలలో ప్రభుత్వ బడిలో సీటు చిరునామాను బట్టి వస్తుంది. అద్దె ఒప్పందమో నివాస నమోదు పత్రమో చేతికి రానిదే ఏ బడి మీ పరిధిలోకి వస్తుందో కూడా తెలియదు. చిరునామా ఉన్నా వీసా రకాన్ని బట్టి నియమం మారుతుంది. అమెరికానే తీసుకుంటే, పిల్లల వలస హోదా కారణంగా ప్రభుత్వ బడిలో చదువు నిరాకరించకూడదని 1982లో అక్కడి సుప్రీంకోర్టు తీర్పు చెప్పింది. అదే దేశంలో సొంతంగా ఎఫ్-1 విద్యార్థి వీసా మీద వచ్చే పిల్లలు ప్రభుత్వ ఉన్నత పాఠశాలలో గరిష్ఠంగా 12 నెలలు, అదీ పూర్తి ఖర్చు చెల్లించి మాత్రమే చదవగలరు. తల్లిదండ్రుల వీసా మీద ఆధారపడి వచ్చిన పిల్లలకు ఆ పరిమితి లేదు. ఒకే దేశంలో పక్కపక్క బెంచీల్లో కూర్చున్న ఇద్దరు పిల్లలకు వేర్వేరు నియమాలు ఉండవచ్చునన్న సంగతి ఈ వెతుకులాట మొదలుపెట్టేదాకా నాకు తట్టలేదు.

రెండో ఆలోచన అంతర్జాతీయ పాఠశాల. ఇంటర్నేషనల్ బకలారియెట్ (ఐబీ) సంస్థ 1968లో జెనీవాలో ఏర్పడిందే ఉద్యోగాల కోసం దేశాలు తిరిగే కుటుంబాల పిల్లల చదువు తెగిపోకుండా ఉండడానికి. చిన్న తరగతులలో ఆ మేలు నిజంగానే ఉంది: ఒక ఐబీ బడి నుంచి మరొక ఐబీ బడికి మారే ఎనిమిదేళ్ళ పిల్లకు పాఠం చెప్పే తీరు కొత్తగా అనిపించదు. చివరి రెండేళ్ళ డిప్లొమాకు వచ్చేసరికి పరిస్థితి వేరు. ఆరు విషయాలు, వాటిలో సాధారణంగా మూడు ఉన్నత స్థాయిలో, వాటికి తోడు నాలుగు వేల పదాలకు మించని పరిశోధనా వ్యాసం. మొదటి ఏడాది తరువాత బడి మారితే, కొత్త బడిలో ఆ ఆరు విషయాలూ అదే స్థాయిలో బోధిస్తారన్న హామీ ఎవరూ ఇవ్వరు. మమ్మల్ని వెనక్కి లాగినవి ఇంకా రెండు ఉన్నాయి. ఇలాంటి బడులలో చాలామంది పిల్లల ఫీజు తల్లిదండ్రుల కంపెనీలు కడతాయి కనుక, సొంత డబ్బుతో వలస వెళ్ళే కుటుంబానికి ఆ మొత్తం తలకు మించిన భారం. ఇక రెండోది, ఒక దేశంలో స్థిరపడడానికి వెళుతున్న పిల్లను, రెండేళ్ళలో మూటాముల్లె సర్దుకుని వెళ్ళిపోయే పిల్లల మధ్య కూర్చోబెట్టడం నాకు సబబుగా తోచలేదు.

పిల్లలను బంధువుల ఇంట వదిలి విద్యా సంవత్సరం ముగిశాక తీసుకువెళ్ళమని కొందరు సలహా ఇచ్చారు. ఆ మాట మేము ఎక్కువసేపు ఆలోచించలేదు.

మిగిలింది ఇంటి దగ్గరే చదివించడం. దానికి ఒక క్రమం, గురువులు, పరీక్షలకు దారి ఉండాలంటే ఆన్‌లైన్ బడి. ఇక్కడే మేము మొదటి తప్పు చేశాము. ఆన్‌లైన్ బడిని మేము బడిగానే లెక్కపెట్టాము. చాలా దేశాల చట్టం దృష్టిలో అది బడి కాదు, ఇంటి చదువు. పిల్ల రోజూ యూనిఫారం వేసుకుని కెమెరా ముందు కూర్చున్నా సరే, ఆ దేశంలో నమోదైన బడి గదిలో లేకపోతే ఇంట్లో ఉన్నట్టే. జర్మనీలో బడికి హాజరు కావడం తప్పనిసరి, ఇంటి చదువుకు దాదాపుగా చోటు లేదు. దీని మీద ఒక కుటుంబం యూరోపియన్ మానవ హక్కుల న్యాయస్థానానికి వెళితే 2019లో తీర్పు జర్మనీ పక్షానే వచ్చింది. స్వీడన్‌లో అసాధారణ పరిస్థితులు ఉంటే తప్ప అనుమతి దొరకదు. ఫ్రాన్స్‌లో ఒకప్పుడు అధికారులకు తెలియజేస్తే సరిపోయేది. 2021 నాటి చట్టం తరువాత, 2022 విద్యా సంవత్సరం నుంచి ముందస్తు అనుమతి తీసుకోవాలి. మాకు బడి అమ్మిన సలహాదారు రెండు గంటలు ఓపికగా మాట్లాడారు, మేము ఏ దేశానికి వెళుతున్నామో అడిగి రాసుకున్నారు కూడా. ఈ ఒక్క సంగతి మాత్రం ఆయన నోట రాలేదు. అడిగితే తెలిసేదేమో. అడగాలని మాకు తెలియలేదు.

ఇక బడి సంగతి. ప్రవేశం చురుకుగా జరిగింది. పాత బడి నుంచి రెండేళ్ళ ప్రోగ్రెస్ రిపోర్టులు, పాస్‌పోర్టు నకలు, ఒక్కొక్కరికీ నలభై నిమిషాల ప్రవేశ పరీక్ష. వారం తిరిగేసరికి టైమ్‌టేబుల్ వచ్చింది. అయితే పరీక్ష ఫలితం చూసి పెద్దవాడిని గణితంలో కోర్ విభాగంలో వేశారు. కోర్ రాసిన విద్యార్థికి ఎంత బాగా రాసినా సీ గ్రేడును మించి రాదు. పై గ్రేడులన్నీ ఎక్స్‌టెండెడ్ విభాగానికే. వాడు పాత బడిలో ఏడాదిపాటు ఎక్స్‌టెండెడ్ చదివినవాడు. ప్రశ్నలు తప్పు చేసింది లెక్క రాక కాదు, తెర మీద సమాధానం టైపు చేసే పద్ధతి అలవాటు లేక. పాత నోటుపుస్తకాల ఫోటోలు పంపి, గణితం టీచర్‌తో నేరుగా మాట్లాడతామని పట్టుబట్టిన తరువాత మూడో రోజున విభాగం మార్చారు. ఆ టీచర్ మొదటి క్లాసులోనే వాడి చేత కాగితం మీద లెక్క చేయించి, కెమెరాకు చూపించమన్నారు. ఆ తరువాత ఏడాదంతా గణితం విషయంలో మేము తల దూర్చవలసిన పని పడలేదు.

బోధన గురించి పెద్దవాడి పక్షాన నాకు ఫిర్యాదు లేదు. క్లాసులో పన్నెండు మందికి మించి ఉండేవారు కాదు. భౌతికశాస్త్రం చెప్పినావిడ పాఠం ముగిసిన తరువాత పది నిమిషాలు గది తెరిచి ఉంచేవారు. సందేహం ఉన్నవారు ఆగేవారు, లేనివారు వెళ్ళిపోయేవారు. మామూలు బడిలో గంట కొట్టగానే ఆగిపోయే ప్రశ్నలు ఆ పది నిమిషాల్లో తేలేవి. ప్రయోగశాల లేని లోటు పరీక్షకు అడ్డం కాలేదు, ఎందుకంటే ఐజీసీఎస్ఈ విజ్ఞాన శాస్త్రాలలో ప్రయోగ పరీక్షకు బదులుగా రాతపూర్వకంగా రాసే ఆరో పేపర్ ఉంది. అయితే ఆ పేపర్‌లో బ్యూరెట్ (ద్రవాన్ని కొలిచే గాజు గొట్టం) రీడింగు చదవమంటే, చేత్తో బ్యూరెట్ ఎన్నడూ పట్టుకోని పిల్లవాడు దాన్ని బొమ్మగానే చదువుతాడు. వాడికి మార్కులు వచ్చాయి. పట్టుకోవడం మాత్రం రాలేదు.

అక్టోబరులో మేము దేశం మారాము. బడి గడియారం మారలేదు. ఉదయం తొమ్మిదింటి క్లాసు మాకు తెల్లవారుజామున నాలుగింటికి వచ్చింది. ఇదే బడి మరొక సమయ మండలంలో మరో బృందాన్ని కూడా నడుపుతోందని, అందులోకి మారవచ్చని చెప్పారు. చిన్నదాని తరగతికి అలాంటి బృందం లేదు. పెద్దవాడి తరగతికి ఉంది గానీ అందులో గణితం టీచర్ వేరు. వాడు మారనన్నాడు. పదిహేనేళ్ళ పిల్లవాడు అలారం పెట్టుకుని నాలుగింటికి లేచి, దుప్పటి కప్పుకుని, మైకు ఆపి, హీటర్ పక్కన కూర్చుని త్రికోణమితి వినడం నేను చూశాను. పరీక్ష ఏడు నెలల్లో ఉందని వాడికి తెలుసు కనుక లేచాడు. ఎనిమిదేళ్ళ పిల్లకు లేవడానికి అలాంటి కారణం ఏముంటుంది?

కనుక చిన్నది రికార్డింగులకు మారింది. ఆ మాటే ఈ సమీక్షలో నేను నిదానంగా చెప్పదలుచుకున్నది. రికార్డింగుల నాణ్యత బాగానే ఉండేది. పాఠం ముగిసిన రెండు గంటల్లో పోర్టల్‌లో కనిపించేది, బొమ్మ, శబ్దం స్పష్టంగా ఉండేవి. ఒకరోజు అల్పాహారం తరువాత ఆమె వెనుక నిలబడి చూశాను. తెర మీద టీచర్ గుణకారం అడిగారు. మా అమ్మాయి వెంటనే సమాధానం గట్టిగా చెప్పింది. నాలుగు క్షణాల తరువాత తెరలో మరో పిల్ల అదే సమాధానం చెప్పింది, టీచర్ ఆ పిల్లను పేరు పెట్టి మెచ్చుకున్నారు. మా అమ్మాయి నా వైపు తిరిగి, "నాన్నా, నేనే ముందు చెప్పాను కదా" అంది. ఔనన్నాను. ఆ వారంలోనే ఆమె చెప్పడం మానేసింది. చూడడం మాత్రం మానలేదు. హాజరు పట్టికలో నూటికి నూరు శాతం. టర్మ్ నివేదికలో "శ్రద్ధగా నేర్చుకుంటోంది" అని రాశారు. రికార్డింగు పూర్తిగా నడిస్తే హాజరు పడే ఏర్పాటు అది. ఆ మాట రాసిన టీచర్ ఆ టర్మంతా ఆమెతో ఒక్కసారి కూడా మాట్లాడలేదు.

ఇదంతా సమయ భేదం తెచ్చిన కష్టమే కదా, సరైన బృందం దొరికి ఉంటే రెండు మార్కుల బదులు నాలుగు ఇచ్చేవాణ్ణా అని నన్ను నేనే అడిగి చూసుకున్నాను. ఇవ్వనని తేలింది. కారణం భాష. మేము చేరిన దేశంలో బడి భాష మా ఇంటి భాష కాదు, ఇంగ్లీషూ కాదు. ఆన్‌లైన్ బడి ఇంగ్లీషులో సాగుతుంది. పిల్లలకు కొత్త భాష ఇట్టే వచ్చేస్తుందని అందరూ అంటారు. అది సగమే నిజం. కెనడాలో పనిచేసిన భాషా విద్యా పరిశోధకుడు జిమ్ కమిన్స్ ఈ విషయంలో ఒక ముఖ్యమైన తేడా చూపించారు. ఆట స్థలంలో మాట్లాడుకునే భాష సుమారు రెండేళ్ళలో పట్టుబడుతుంది, పాఠ్యపుస్తకాన్ని చదివి అర్థం చేసుకుని రాయగలిగే భాష తోటి పిల్లల స్థాయికి రావడానికి ఐదు నుంచి ఏడేళ్ళు పడుతుంది. ఈ లెక్క పెట్టుకుంటే, ఎనిమిదేళ్ళ పిల్లకు కొత్త దేశంలో గడిచే ప్రతి నెలా ఆ ఐదేళ్ళలోంచి ఖర్చయ్యేదే. మేము చేరిన తరువాత మూడు నెలలను ఆన్‌లైన్ బడి తినేసింది. ఆమె ఆ దేశంలో ఉంది; ఆ దేశపు భాష వినబడేది లిఫ్టులో, దుకాణంలో మాత్రమే.

కొత్తగా వచ్చిన పిల్లల కోసమే చాలా దేశాలు ప్రభుత్వ బడులలో ప్రత్యేక భాషా తరగతులు నడుపుతున్నాయి. జర్మనీలో సన్నాహక తరగతులు, ఫ్రాన్స్‌లో యూపీఈ2ఏ అనే విభాగాలు, ఆస్ట్రేలియాలోని న్యూ సౌత్ వేల్స్‌లో ఉన్నత పాఠశాల వయసు పిల్లలకు ఇంటెన్సివ్ ఇంగ్లీష్ సెంటర్లు అలాంటివే. వీటిలో కొన్నింటికి కాలపరిమితి ఉంటుంది, వచ్చిన కొత్తలోనే చేరడానికి వీలు ఎక్కువ. ఈ సాయాన్ని ఎంత గొప్ప ఆన్‌లైన్ బడి అయినా ఇవ్వజాలదు; ఇవ్వగలమని వారు చెప్పనూ లేదు, ఆ మాటకు వస్తే.

చిన్నదాన్ని బయటికి తెచ్చింది మా వివేకం కాదు, ఒక ఉత్తరం. నివాసం నమోదు చేసుకున్న ఆరో వారంలో స్థానిక విద్యా కార్యాలయం నుంచి, మీ ఇంట్లో బడి వయసు పిల్లలు ఇద్దరు ఉన్నారు, వారు ఏ బడిలో ఉన్నారో తెలియజేయండి అని వచ్చింది. ఆన్‌లైన్ బడి ఇచ్చిన నమోదు పత్రం పట్టుకుని వెళ్ళాము. అక్కడి ఉద్యోగిని దాన్ని మర్యాదగా చదివి, పక్కన పెట్టి, ఇంటి చదువు దరఖాస్తు ఫారం తీశారు. పెద్దవాడు పరీక్షా సంవత్సరం మధ్యలో ఉన్నాడు కనుక పరీక్షలు ముగిసేవరకూ అనుమతి ఇచ్చారు. చిన్నదాని విషయంలో అలాంటి కారణం మేము చూపలేకపోయాము; మూడు వారాల్లో, కొత్త టర్మ్ మొదటి రోజుకు, వీధి చివరి ప్రభుత్వ బడిలో చేర్చమన్నారు.

ఆ బడిలో చేర్చే రోజున ఒక ఫైలు నిండా కాగితాలతో వెళ్ళాను. ఆన్‌లైన్ బడికి ఎవరెవరు గుర్తింపు ఇచ్చారో తెలిపే పత్రాలు అందులో పైన పెట్టుకున్నాను. వాటిని ఎవరూ అడగలేదు. అడిగినవి నాలుగే: పుట్టిన తేదీ, చిరునామా రుజువు, టీకాల రికార్డు, పాత బడి చివరి నివేదిక. తరగతి నిర్ణయించింది పుట్టిన తేదీ. ఇంగ్లండ్‌లో తరగతి విభజనకు గీత ఆగస్టు 31 దగ్గర ఉంటుంది; కెనడాలోని ఒంటారియోలో క్యాలెండర్ సంవత్సరమే లెక్క; ఆస్ట్రేలియాలో రాష్ట్రాన్ని బట్టి మారుతుంది, పైగా అక్కడ విద్యా సంవత్సరం జనవరి చివరలో మొదలవుతుంది. జపాన్‌లో ఏప్రిల్. అందువల్ల ఒక దేశంలో తరగతి ముగించి వచ్చిన పిల్ల మరో దేశంలో అదే తరగతి సగంలో కూర్చోవడమో, సగం దాటి ముందుకు దూకడమో మామూలే. దానికి పిల్ల తెలివితేటలతో సంబంధం లేదు. టీకాల కాగితం మాత్రం తేలికగా తీసుకోవద్దు. జర్మనీలో 2020 మార్చి నుంచి తట్టు టీకా రుజువు చట్టప్రకారం తప్పనిసరి. మిగతా చోట్ల కూడా తేదీలు సరిగా లేని టీకా కార్డు అడ్మిషన్‌ను ఆపగలదు. మా దగ్గర ఉన్న కార్డులో ఒక తేదీ చెరిగిపోయి ఉంటే, దాని కోసం పాత డాక్టర్‌కు నాలుగు ఈమెయిళ్ళు రాశాను. ఆన్‌లైన్ బడి టీకాల ఊసే ఎత్తదు కనుక, ఆ కార్డును బయటికి తీయవలసిన అవసరమే అంతవరకూ రాలేదు.

గుర్తింపు గురించి కొంచెం విడిగా చెప్పాలి, ఎందుకంటే ఇలాంటి బడులు ఎక్కువగా ప్రచారం చేసుకునేది దాన్నే. మా బడి వెబ్‌సైటు అడుగున నాలుగు ముద్రలు ఉండేవి. ఒక్కొక్కదాని వెనుకకు వెళ్ళి చూస్తే, ఒకటి సభ్యత్వ రుసుము కట్టిన వారందరికీ ఇచ్చే సంఘం ముద్ర, ఒకటి సాఫ్ట్‌వేర్ కంపెనీది, ఒకటి బహుమతిది. పనికివచ్చేది నాలుగోది ఒక్కటే. కౌన్సిల్ ఆఫ్ ఇంటర్నేషనల్ స్కూల్స్, కాగ్నియా వంటి సంస్థలు బడిని పరిశీలించి ఇచ్చే గుర్తింపు వేరు. ఇంగ్లండ్ విద్యాశాఖ ఆన్‌లైన్ బడుల కోసమే నడుపుతున్న గుర్తింపు పథకంలో అక్కడి బడుల తనిఖీ సంస్థ ఆఫ్‌స్టెడ్ తనిఖీ ఉంటుంది, అది వేరు. అవి కూడా మీరు చేరబోయే బడి ఒప్పుకుంటేనే విలువ. ఉత్తర అమెరికాలో పై తరగతులు క్రెడిట్ల (పూర్తి చేసిన కోర్సులకు వచ్చే యూనిట్ల) లెక్కన నడుస్తాయి. ఒంటారియోలో హైస్కూల్ డిప్లొమాకు 30 క్రెడిట్లు కావాలి. బయట నుంచి వచ్చిన విద్యార్థి పాత చదువుకు ఎన్ని క్రెడిట్లు ఇవ్వాలో అక్కడి బడి ప్రిన్సిపాల్ నిర్ణయిస్తారు. కాబట్టి పై తరగతి పిల్లల విషయంలో ముద్రల కన్నా, చేరబోయే బడి నుంచి "ఈ బడి మార్కులను మేము పరిగణిస్తాము" అన్న ఒక్క ఈమెయిల్ ఎక్కువ పని చేస్తుంది.

పెద్దవాడికి ఆ చిక్కు రాలేదు. వాడి చేతికి వచ్చేది ఆన్‌లైన్ బడి మార్కుల పత్రం కాదు, పరీక్షా బోర్డు సర్టిఫికెట్. ఆన్‌లైన్ బడి ఎవరికి తగినదన్న ప్రశ్నకు నా దగ్గర ఉన్న జవాబు ఇదే: చదువు చివర బయటి బోర్డు పరీక్ష ఉంటే, ఆ బడి ఎంత చిన్నదైనా పిల్లవాడికి నష్టం లేదు, చివర ఉన్నది ఆ బడి సొంత నివేదిక మాత్రమే అయితే, దాని విలువ తరువాతి బడి దయ మీద ఉంటుంది.

అయితే ఆ పరీక్ష రాయించడంలోనే ఈ బడితో నాకు గట్టి తగాదా వచ్చింది. "ప్రపంచంలో ఎక్కడి నుంచైనా పరీక్ష రాయవచ్చు" అని వారి ప్రచార పత్రంలో ఉంది. అబద్ధం కాదు. చెప్పనిదేమిటంటే, కేంబ్రిడ్జ్ బోర్డు విడి విద్యార్థుల నుంచి నేరుగా నమోదులు తీసుకోదు. బోర్డు దగ్గర నమోదైన ఒక పరీక్షా కేంద్రం మిమ్మల్ని ప్రయివేటు అభ్యర్థిగా చేర్చుకోవాలి, చేర్చుకోవాలా వద్దా అన్నది ఆ కేంద్రం ఇష్టం. కేంద్రాన్ని వెతుక్కోవలసింది మనమే. ఇంటికి దగ్గరలో ఉన్న కేంద్రం తమ సొంత విద్యార్థులకు తప్ప ఇతరులకు సీట్లు లేవంది. రెండోది సరేనంది గానీ భౌతికశాస్త్రం, రసాయనశాస్త్రం ప్రయివేటు అభ్యర్థులకు పెట్టమంది. మూడోది రైల్లో నాలుగు గంటల దూరం. అన్నీ పెడతామంది, కానీ వారి నమోదు గడువు ఆన్‌లైన్ బడి మాకు చెప్పిన తేదీ కన్నా పద్దెనిమిది రోజులు ముందుంది. బోర్డు గడువు ఒకటి, కేంద్రం సొంత గడువు మరొకటి. ఆ తేడా మాకు తెలిసేసరికి ఐదు రోజులే మిగిలాయి. బడిలో ఈ వ్యవహారం చూసే విభాగానికి రాస్తే, మూడు రోజుల తరువాత మేము అప్పటికే చదివిన ప్రశ్నలు-జవాబుల పేజీ లింకు పంపారు. చివరికి కాపాడింది భౌతికశాస్త్రం టీచరే. ఆమె తన పని కాకపోయినా అదే రాత్రి కూర్చుని ఏ విషయానికి ఏ పేపర్లు ఎంచుకోవాలో పట్టిక రాసి పంపారు. ప్రయోగ పరీక్ష అయిన ఐదో పేపర్‌కు బదులు ఆరో పేపర్ అని స్పష్టంగా రాయాలని, లేకపోతే కేంద్రం ఐదో పేపర్ కింద నమోదు చేసే ప్రమాదం ఉందని ఆమె చెప్పకపోతే మాకు తెలిసేది కాదు.

మే, జూన్ నెలల్లో పరీక్ష రోజుల్లో ఆ ఊళ్ళోనే గది తీసుకుని ఉన్నాము. ఫలితాలు ఆగస్టులో వచ్చాయి. సర్టిఫికెట్లు ఆ తరువాత గానీ రావు కనుక, కొత్త బడి ఫలితాల పత్రం చూసి తాత్కాలికంగా చేర్చుకుంది. వాడిప్పుడు ఇంగ్లీషులో ఐబీ డిప్లొమా బోధించే ఒక ప్రభుత్వ బడిలో ఉన్నాడు, సాయంత్రాలు అక్కడి భాష నేర్చుకుంటున్నాడు. నాలుగు మార్కులు ఇచ్చింది ఇందుకే. ఐదోది పరీక్షా కేంద్రం విషయంలో పోయింది.

పత్రాల ధ్రువీకరణ గురించి ఒక్క మాట, ఎందుకంటే ఇది ఆన్‌లైన్ బడికే ప్రత్యేకమైన తలనొప్పి. 1961 నాటి హేగ్ ఒప్పందం ప్రకారం, పత్రం అసలైనదేనని మరో దేశానికి ధ్రువీకరిస్తూ ఇచ్చే అపోస్టిల్ ముద్రను, పత్రం ఏ దేశంలో పుట్టిందో ఆ దేశం అధికారులే వేయాలి. మేము ఉన్నది ఒక దేశం, మా పౌరసత్వం మరొక దేశానిది, ఆన్‌లైన్ బడి నమోదైంది మూడో దేశంలో. చిన్నదాని నివేదికకు అపోస్టిల్ కావాలని కొత్త బడి తరువాత అడిగితే, ముందుగా ఆ మూడో దేశంలో నోటరీ దగ్గర బడి సంతకాన్ని ధ్రువపరచాలి. బడి ఇచ్చింది స్కాన్ చేసిన సంతకంతో ఉన్న పీడీఎఫ్. నోటరీ ఒప్పుకోలేదు. సిరాతో సంతకం పెట్టిన కాగితం తెప్పించుకోవడానికి ఏడు వారాలు పట్టింది. చేరిన రోజునే, ప్రతి టర్మ్ చివర సిరా సంతకంతో నివేదిక పోస్టులో పంపాలని రాతపూర్వకంగా అడిగి ఉంటే ఈ గొడవ ఉండేది కాదు.

సాంకేతికంగా చెప్పుకోదగ్గ ఇబ్బందులు లేవు. నెట్ పోయిన రోజులు మా ఇంటి లోపమే.

చిన్నది ప్రభుత్వ బడిలో మొదటి రెండు నెలలు దాదాపు మౌనంగా గడిపింది. టీచర్ మమ్మల్ని పిలిచి, కంగారు పడవద్దని, కొత్త భాషలోకి వచ్చిన పిల్లలు ఇలా కొన్నాళ్ళు వింటూ ఉండిపోవడం సహజమని చెప్పారు. మూడో నెలలో ఒక సాయంత్రం బడి గేటు దగ్గర, పక్కనున్న పిల్ల తన వంతు కాకపోయినా ఊయల ఎక్కిందని ఆ దేశపు భాషలో గట్టిగా దెబ్బలాడుతూ కనిపించింది. వ్యాకరణం తప్పిందని పెద్దవాడు నవ్వాడు. ఆ పిల్ల మాత్రం ఊయల దిగింది.

చివరిగా ఒప్పందం సంగతి. మానుకోవాలంటే ఒక పూర్తి టర్మ్ ముందుగా నోటీసు ఇవ్వాలని ఇలాంటి బడుల ఒప్పందాలలో సాధారణంగా ఉంటుంది. మా దాంట్లోనూ ఉంది, నేను సంతకం పెట్టాను కూడా. విద్యా కార్యాలయం మాకు ఇచ్చింది మూడు వారాలు. చట్టం ప్రకారం మానిపించవలసి వచ్చిందని ఉత్తరం నకలు జతచేసి రాసినా ఫీజు వెనక్కి రాలేదు. చిన్నది హాజరే కాని టర్మ్‌కు పూర్తి మొత్తం కట్టాము. వలస వెళ్ళే కుటుంబాలే తమ ప్రధాన ఖాతాదారులని చెప్పుకునే సంస్థకు, స్థానిక చట్టం కారణంగా మానిన వారికి మినహాయింపు ఇచ్చే ఒక్క వాక్యం ఒప్పందంలో చేర్చడం కష్టం కాదు. చేరేముందు ఆ వాక్యం కోసం బేరమాడండి; ఒప్పుకోకపోతే టర్మ్‌కు కాకుండా నెలకు ఫీజు తీసుకునే బడిని చూడండి. ఇంకొకటి, చిన్నదాని ఖాతా మూసిన రోజు సాయంత్రానికే ఆమె తొమ్మిది నెలల పనీ పోర్టల్ నుంచి పోయింది: కథలు, లెక్కలు, గ్రహాల మీద తను చేసిన బొమ్మల పుస్తకం, అన్నీ. అడిగితే నిబంధనల ప్రకారం తొలగించామన్నారు. పెద్దవాడి ఖాతా మూసే ముందు నేనూ వాడూ రెండు రాత్రులు కూర్చుని, ప్రతి ఫైలూ దింపుకుని, తేదీల వారీగా సర్ది పెట్టుకున్నాము.